దగ్గు లేని వీధి

నాకు నోరెక్కువ. కన్నవాళ్ళ దగ్గర్నుంచి కట్టుకున్నవాడి దాకా ఈ మాట అననివాళ్ళు లేరు. కట్టుకున్నవాడు ఆ వంకతోనే నన్ను వదిలేసి పోతే, ఏం జరిగిందని కూడా అడక్కుండా ఇంట్లోకి రమ్మన్నది మా అన్నయ్య ఒక్కడే. "దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీలు అక్కర్లేదు. ఇంట్లో రేడియో ఉన్నట్టుంటుంది, ఉండనీ" అని వదినతో నవ్వుతూ చెప్పి, నా పెట్టె తనే మోసి లోపల పెట్టాడు. ఆ రోజు నుంచి వీధి మొత్తానికీ నేను రేడియోనే. ఆ నోటితోనే ఆ ఎండాకాలం మా ఇంటిని నిలువునా ముంచాను.

అన్నయ్య రాతి పలకల కార్ఖానాలో రాయి కోసేవాడు. మా వీధిలో రెండు వందల పన్నెండు గడపలుంటే, నూట యాభై గడపల పొయ్యి ఆ కార్ఖానా వల్లే వెలిగేది. రంపం కింద రాయి తెగుతుంటే లేచే పొడి తల మీదా, కనుబొమ్మల మీదా, చెవుల్లోనూ పేరుకునేది. సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే పాతికేళ్ళవాడూ యాభై ఏళ్ళవాడూ ఒకే ఈడు ముసలివాళ్ళలా కనబడేవాళ్ళు. స్నానం చేశాక ఎవరి వయసు వాళ్ళకి తిరిగొచ్చేది. లోపలికి పోయిన పొడిని కడిగే నీళ్ళు మాత్రం ఎవరి దగ్గరా లేవు.

కార్ఖానా గేటు లోపల పందొమ్మిది ఇనుప మెట్లున్నాయి. పొద్దున్నే ఒక్కొక్కడూ అవి గబగబా ఎక్కి దిగి, కింద నిలబడ్డ పొట్టి మేస్త్రీకి తన నంబరు, రంపం నంబరు, షిఫ్టు, నిన్న కోసిన పలకలు ఎన్నో ఆగకుండా చెప్పాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగినవాడి భుజం మీద చెయ్యేసి మేస్త్రీ మెత్తగా, "కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్టు తీసుకో నాయనా" అనేవాడు. ఆ రెస్టుకి అంతుండేది కాదు. అందుకని మా వీధిలో దగ్గు దాచుకోవడం ఒక విద్య అయిపోయింది. అన్నయ్య చీకటితోనే లేచి, ఆ రోజుకి దగ్గవలసిందంతా ముందే దగ్గేసి, వేడినీళ్ళు తాగి, బుగ్గన లవంగం పెట్టుకుని బయల్దేరేవాడు. ఆ దగ్గు పక్కింటికి వినబడకుండా వదిన కుళాయి కింద ఖాళీ బకెట్టు పెట్టి తిప్పేది. ఆ వేళప్పుడు వీధిలో అన్ని ఇళ్ళలోనూ కుళాయిలు పారుతూనే ఉండేవి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సేవా ట్రస్టువాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్దావిడ కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదకి జారుతుండేది కాబట్టి మేము ఆవిణ్ణి కళ్ళజోడు మేడమ్ అనేవాళ్ళం. మంచి మనిషి. ఈ మాట ఎవరి ఎదుటైనా చెప్తాను. గొడుగు లేకుండా మాతోపాటు ఎండలో తిరిగింది, మా గ్లాసుతో నీళ్ళు తాగింది. మీకు ఏం కావాలో మేం చెప్పం, మీరే చెప్పాలి, అడిగేవాళ్ళూ రాసేవాళ్ళూ కూడా మీలోవాళ్ళే అయి ఉండాలి అంది. నాలుగు వీధులు తీసుకున్నారట. వాళ్ళ దగ్గర డాక్టరున్నాడు, మందులున్నాయి, ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లున్నాయి, కుట్టు మిషన్లున్నాయి. ఏ వీధికి ఏది అన్నది మా జవాబుల్ని బట్టే తేలుతుందట.

మా వీధిలో అడిగి రాయడానికి ఎవరు అంటే అందరూ నా వైపే చూశారు. నా బతుకులో నా నోరు ఒక పనికొచ్చిందని అనిపించింది అప్పుడే. మూడు రోజులు నేర్పించారు. పధ్నాలుగు ప్రశ్నలు. తొమ్మిదోది, ఇంట్లో ఎవరికైనా మూడు వారాలకి మించి దగ్గుందా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని.

ఎనిమిదో ప్రశ్న దాకా అందరూ నవ్వుతూ చెప్పేవాళ్ళు. తొమ్మిదోది అడగ్గానే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచి నిలబడేవాళ్ళు. ఎదురింటి పిన్నిని అడుగుతుండగానే లోపలి గదిలోంచి బాబాయి దగ్గు వినబడింది. పిన్ని టీవీ సౌండు పెంచి, దగ్గు టీవీలోది, మా ఇంట్లో లేదని రాసుకో అంది. నేను నవ్వుకుంటూ 'లేదు' అని రాశాను. ఆమెను తప్పు పట్టలేం. నాలుగేళ్ళ క్రితం వేరే ఎవరో వచ్చి ఆరోగ్య శిబిరం పెట్టి, దగ్గున్నవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని పోయారు. పది రోజులు తిరక్కుండా ఆ కాగితంలో ఉన్నవాళ్ళందరికీ మేస్త్రీ రెస్టిచ్చాడు. ఆ కాగితం కార్ఖానాకి చేరిందని రుజువేమీ లేదు. మా వీధికి రుజువులు అక్కర్లేదు కూడా.

చివరికి మా ఇల్లు మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను ప్రశ్నలు చదవడం మొదలుపెడితే అన్నయ్య వేళాకోళం చేశాడు. ఈ ఇంట్లో ఎంతమంది అంటే, ఇద్దరు మనుషులూ ఒక రేడియో అన్నాడు. తొమ్మిదో ప్రశ్న నేను చదవకుండానే పెన్ను 'లేదు' దగ్గరికి పోనిచ్చాను.

వదిన మాటలు తక్కువ మనిషి. మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని, "రాయి" అంది. "ఏడాది పైనుంచి ఉందని రాయి. పక్క మీద పడుకోలేక కూర్చుని నిద్రపోతున్నాడని కూడా రాయి."

"రాయకు" అన్నాడు అన్నయ్య. "ఆ కాగితం ఎటుపోయి ఎటొస్తుందో ఎవరికి తెలుసు? ఇంకొక్క రెండేళ్ళు చేస్తే చాలు, తర్వాత నేనే మానేస్తాను."

"రెండేళ్ళు ఉంటావా నువ్వు?" అంది వదిన.

ఆ మాటకి అన్నయ్య నవ్వబోయాడు. దగ్గొచ్చింది. పాపం, తన ఇంట్లో కూడా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని దగ్గాడు. వదిన నా వైపు చూసింది. అన్నయ్యా నా వైపే చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నన్ను ఆదుకున్నవాడి మాట కాదనడం నాకు చేతకాలేదు. అన్నయ్య మీద ప్రేమతోనే 'లేదు' మీద గీత పెట్టాను. వదిన చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుని మడతపెట్టింది.

వారం తర్వాత స్కూలు హాల్లో నాలుగు వీధులకీ కలిపి మీటింగు పెట్టారు. మేడమ్ కాగితాలు ముందేసుకుని ఒక్కో వీధి గురించీ చదివింది. మా వంతు వచ్చేసరికి ఆగింది. రెండు వందల పన్నెండు ఇళ్ళలో దగ్గున్నది మూడిళ్ళలోనే అని వచ్చింది, రాతిపని చేసే చోట ఇంత తక్కువ ఉండటం ఎప్పుడూ చూడలేదు, చెప్పడానికి ఎవరైనా ఇబ్బంది పడ్డారా అని అడిగింది. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కొక్క మొహమే చూసింది. వెనక బెంచీలో పొట్టి మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఆయనా మా వీధివాడే, రావొద్దనడానికి లేదు.

అందరూ నా వీపు మీద కళ్ళు పెట్టినట్టు అనిపించింది. లేచాను.

"రాయి కోసేవాళ్ళకి రాయిలాంటి ఒళ్ళుంటుంది మేడమ్" అన్నాను. "మా మగవాళ్ళు ఉక్కు ముక్కలు. మా వీధికున్న జబ్బల్లా ఆడవాళ్ళకి చేతిలో పని లేకపోవడమే. గడప గడపకీ నేనే తిరిగాను, నా కళ్ళతో నేనే చూశాను. మీకు మా మీద నమ్మకం ఉంటే ఆ కుట్టు మిషన్లు మాకిప్పించండి."

హాలంతా చప్పట్లు. అన్నయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. కొట్టి, కొట్టిన చేతులతోనే నోరు మూసుకున్నాడు. దగ్గు మింగితే కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. చూసినవాళ్ళు చెల్లెల్ని చూసి పొంగిపోతున్నాడనుకున్నారు. మేడమ్ చాలాసేపు నన్నే చూసింది. మీ గురించి మీకంటే నాకెక్కువ తెలుసనుకోవడం తప్పు అని, ఏదో రాసుకుంది.

అలా మా వీధికి పన్నెండు కుట్టు మిషన్లతో సెంటరొచ్చింది. దానికి ఇన్‌ఛార్జి నేనే. ఊపిరి క్లినిక్కూ, ఎనిమిది ఆక్సిజన్ మిషన్లూ కాలవ అవతల రంగులద్దేవాళ్ళ వీధికి వెళ్ళాయి. వాళ్ళ కార్ఖానా ఏడాది ముందే మూతపడింది. కాపాడుకోవడానికి వాళ్ళకి పనే లేదు కాబట్టి ఉన్న రోగాలన్నీ ఉన్నట్టే చెప్పుకున్నారు.

సెంటరు వల్ల మంచి జరగలేదని అనను. గడప దాటనివాళ్ళు వచ్చి కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టారు, నాలుగు డబ్బులు కళ్ళ చూశారు. పిన్ని అయితే ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి తన డబ్బుతో చెప్పులు కొనుక్కుంది. నేను కుర్చీలో కూర్చుని పెత్తనం చేశాను. అందరూ వచ్చారు గానీ వదిన రాలేదు. పిలిస్తే, ఇంట్లో పనుందంది.

నెల తిరిగేసరికి, ఎండలు మండిపోతున్నప్పుడు, అన్నయ్య పదకొండో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇద్దరు పట్టుకుని దింపారు. మేస్త్రీ భుజం మీద చెయ్యేశాడు. అన్నయ్య ఇంటికొచ్చి, "ఏమోయ్, పెద్ద జమీందారులా ఇవాళ్టి నుంచి రెస్టు" అని వదినతో అన్నాడు. ఆ ఒక్క వాక్యం మూడు ముక్కలు చేసి చెప్పాడు.

నేనూ వదినా ఆయన్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని కాలవ దాటి ఊపిరి క్లినిక్కుకి తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి పట్టుకుని చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి గడ్డకట్టిందన్నాడు. ఇది తగ్గే జబ్బు కాదు, దుమ్ములోంచి ముందే బయటికి తెచ్చి ఉండాల్సింది, ఇప్పటికైనా రోజూ పదిహేను గంటలు ఆక్సిజన్ పెడితే కొంతకాలం నెట్టుకురావచ్చు అన్నాడు. మిషను ఇవ్వడం మాత్రం తన చేతిలో లేదట. ఎవరికివ్వాలో వీధి కమిటీ తేలుస్తుందట. డాక్టరైనా, మేడమైనా అందులో వేలు పెట్టరట.

ఆ కమిటీకి పెద్ద ఒక ముసలావిడ. యాభై ఏళ్ళు రంగుల తొట్లలో చేతులు పెట్టి పెట్టి గోళ్ళు నీలంగా ఉండిపోయాయి. అందరూ పెద్దమ్మ అంటారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మీటింగులో మాట్లాడిన పిల్లవి కదూ" అంది. "ఆ రోజు నీ మాటలు విని, ఎంత అదృష్టవంతులో అనుకున్నాం మేమందరం."

భయపడి అలా చెప్పామని అన్నాను. మీరు ఏం చెయ్యమన్నా చేస్తాను, మా అన్నయ్యకి ఒక్క మిషను ఇప్పించమని కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ నా చేతులు పట్టుకుని ఆపి, గోడ మీద అంటించిన లిస్టు చూపించింది. ఎనిమిది మిషన్లు, ముప్ఫై ఒక్కమంది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేం సిగ్గు విడిచి అడిగాం తల్లీ. ఇప్పుడు నువ్వే చెప్పు, ఎవరి ముక్కులోంచి తీసి మీ అన్నయ్యకి పెట్టమంటావు?"

వరండాలో బెంచీ మీద ముక్కుకి గొట్టంతో ఒక పాతికేళ్ళ అమ్మాయి కూర్చుని, ఒళ్ళో చిన్నదానికి జడ వేస్తోంది. పెద్దమ్మ అన్నయ్య పేరు ముప్ఫై రెండోదిగా రాయించి, మందులిప్పించి, మంచినీళ్ళిచ్చి పంపింది.

మర్నాడు మేడమ్ దగ్గరికి పోయి ఉన్నదంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు ఆ రోజే అనుమానమొచ్చింది" అంది. "మీరు అబద్ధం చెప్తున్నారని పదిమందిలో ఎలా అంటాను? బీదవాళ్ళ మాట ఎవరూ నమ్మరు, మేమైనా నమ్మాలి అనుకున్నాను." ఇంకో ఆరు మిషన్లు ఎవరికీ కేటాయించకుండా ఉన్నాయట. నెలాఖరులోగా మళ్ళీ సర్వే చేసి ఉన్నది ఉన్నట్టు రాసిస్తే మా వీధికి వస్తాయంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ గడప గడపా తిరిగాను. మొదటి రోజు ఒక్కరూ నోరు విప్పలేదు. పిన్ని గుమ్మంలోంచే సమాధానం చెప్పింది. "మీ అన్నయ్య పని పోయింది కాబట్టి నీకు నిజం గుర్తొచ్చింది. మా ఆయన పని ఇంకా పోలేదు." అందులో కాదనడానికి ఏముంది? మూసిన తలుపులు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ సంగతి విని అన్నయ్య, రేపట్నుంచి నేనూ వస్తానన్నాడు. వదిన వద్దంది. ఈసారి ఆమె మాటా వినలేదు, నా మాటా వినలేదు. వదిన ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెనకే వచ్చింది. ఒక్కో గుమ్మం ముందు కుర్చీ వేసేది, అన్నయ్య కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ ఊపిరి లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ పడే అవస్థ ఇంట్లోవాళ్ళకి వినబడేది. అంతే. పిన్ని ఇంటి ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి బాబాయి తనే బయటికొచ్చి, అన్నయ్య పక్కన నేల మీద చతికిలబడి, చేతులు అడ్డం పెట్టుకోకుండా దగ్గాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను రాసుకున్నాను.

అలా రోజూ ఎండ తిరిగాక బయల్దేరేవాళ్ళం. మొదట పాతిక ఇళ్ళు తిరగగలిగాడు. తర్వాత పదిహేను, తర్వాత ఎనిమిది. ఇంక చాలు అన్నయ్యా, మిగతావి నేను చూసుకుంటాను అంటే చెయ్యి ఊపేవాడు. అన్నయ్య చివరిగా కూర్చున్నది పొట్టి మేస్త్రీ గుమ్మం ముందు. మేస్త్రీ తలుపు తీసి, కుర్చీని చూసి, తనూ గడప మీద కూర్చున్నాడు. నాదీ రాసుకో అన్నాడు. తను ఆ మెట్లెక్కి ఆరేళ్ళయిందట. అందుకే ఎప్పుడూ కింద నిలబడతాడట. అన్నయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

నూటనాలుగు ఇళ్ళలో దగ్గుందని తేలింది. మేడమ్ ఆ కాగితాలు అందుకుని అదే రోజు పైకి పంపింది. ఆ తర్వాత ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అన్నయ్యని భోజనానికి లేపుదామని వదిన వెళ్ళింది. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. వదిన నన్ను పిలవలేదు. నేనే ఎంతసేపటికీ రావడం లేదేమిటని వెళ్ళి చూశాను. ఆయన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని ఉంది. నా అన్నయ్య, నాకు తండ్రి తర్వాత తండ్రి, నా చేత్తో గీత పెట్టిన 'లేదు'కి బలైపోయాడు. వీధివాళ్ళు అలా అనకు, రాసిపెట్టి ఉంది అన్నారు. ఎవరు రాశారో నాకు తెలుసు.

మరో పది రోజులకి మిషన్లు వచ్చాయి. అప్పటికి మొదటి వానలు పడ్డాయి. ఎవరికివ్వాలో మా వీధిలోనూ వేసిన కమిటీయే తేల్చింది. బాబాయికి ఒకటి వచ్చింది. నేనే దగ్గరుండి తగిలించాను. వారంలో ఆయన మొహానికి రంగొచ్చి, పడుకుని నిద్రపోతున్నాడని పిన్ని వచ్చి నా చేతులు పట్టుకుంది. సంతోషపడ్డాను. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. వదిన వంటింట్లోనే ఉంది. అన్నయ్య పోయిన రోజు నుంచీ నాతో ఒక్క మాట లేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, నా బట్టలు కూడా ఉతికేది. మాట మాత్రం లేదు.

దగ్గున్న నూటనాలుగు ఇళ్ళవాళ్ళనీ ఒక్కసారి తీసేస్తే కార్ఖానా ఆగిపోతుంది. అందుకని కార్ఖానావాళ్ళు ఒక దారి కనిపెట్టారు. పాతవాళ్ళని కొద్దికొద్దిగా ఇంటికి పంపుతూ, వాళ్ళ చోట ఆడవాళ్ళని తీసుకుంటామని కబురు పెట్టారు. మగవాడికిచ్చే దాంట్లో సగం ఇస్తారట. కోసిన పలకలు సానపట్టే పని. అందులో రంపం దగ్గరకంటే సన్నటి పొడి లేస్తుంది.

సోమవారం పొద్దున్నే వదిన పాత చీర చింపి తలకీ నోటికీ గుడ్డ కట్టుకుంటోంది. నాకు సంగతి అర్థమైంది. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వదినా, ఆ దుమ్ములోకి నువ్వు వెళ్ళొద్దు, సెంటరులో చోటుంది, చోటు లేకపోతే నా కుర్చీ తీసుకో, నేను ఎక్కడైనా అంట్లు తోముకుని బతుకుతాను, ఆయన్ని మింగింది చాలదా అని ఏమేమో వాగాను. ఆమె గుడ్డ ముడి బిగించుకునేదాకా నన్ను చెప్పనిచ్చింది. తర్వాత నోటి మీద గుడ్డ కిందికి లాగి నా కళ్ళలోకి చూసింది. ఇరవై మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"నువ్విచ్చే కుర్చీలో కూర్చోలేను" అంది. "అంత బెంగగా ఉంటే ఇంకో మీటింగు పెట్టించు. మా వదినకి ఏమీ కాదని లేచి చెప్పు. నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు."

అరిచి అనలేదు. కోపంగా కూడా అనలేదు. నేను గుమ్మంలోంచి పక్కకి జరిగాను.